బెట్టలో ముందు ఆగేది బుడిపె

పప్పుజాతి పంటల గురించి మన వ్యవసాయంలో రెండు మాటలు కలిసి వినిపిస్తాయి. ఇవి బెట్టను తట్టుకుంటాయన్నది ఒకటి. గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిస్తాయన్నది రెండోది. కంది, శనగ, మినుము, పెసర, అలసంద, ఉలవ, వాటి కుటుంబంలోదే అయిన వేరుశనగ, అన్నిటి గురించీ ఇలాగే చెబుతాం. విడివిడిగా చూస్తే రెండు మాటలూ నిజమే. ఒకే ఏడాది రెండూ నిజం కావడం మాత్రం అరుదు. వాన మొహం చాటేసిన ఆగస్టులో అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ మధ్యాహ్నం ఆకు ముడుచుకుని సాయంత్రానికి విప్పుకుంటుంది. పంట ఇంకో వారం దాకా ఓర్చుకుంటుందని రైతు ధైర్యం చెప్పుకుంటాడు. ఆ ధైర్యం తప్పు కాదు, మొక్క నిజంగానే బతుకుతుంది. అయితే అప్పటికే దాని వేళ్లమీది బుడిపెల్లో జరగాల్సిన నత్రజని పట్టే పని మందగించి ఉంటుంది. మొక్కకూ ఆ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియాకూ మధ్య ఉన్న ఇచ్చిపుచ్చుకోవడం, ఆ రెండింటిలో ఏదీ చావకముందే, కొన్ని పంటల్లోనైతే ఆకు వాడకముందే తెగిపోతుంది. మొక్క నిలబడిందా ఎండిపోయిందా అన్న ఒక్క కొలతతోనే కరువును, చౌడును, ఎండను కొలుస్తున్నంత కాలం పప్పుజాతి పంటలకు జరిగే అసలు నష్టం లెక్కలోకి రాదన్నది నా వాదన.

ముందు ఆ బుడిపెలో ఏం జరుగుతుందో చూడాలి. గాలిలో 78 శాతం నత్రజనే అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి. ఎరువుల ఫ్యాక్టరీలో ఆ బిగువు విప్పడానికి 400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి, మామూలు గాలికి 150 రెట్లు మించిన పీడనం కావాలి. వేరు బుడిపె అదే పని నేల వెచ్చదనంలోనే చేస్తుంది. పప్పుజాతి మొక్కలు బుడిపెల ద్వారానే గాలి నత్రజనిని తీసుకుంటాయని 1886లో జర్మనీ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్ట్ చాటిచెప్పారు. రెండేళ్లకు, 1888లో, నెదర్లాండ్స్‌లో బైజరింక్ ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు. మనం స్థూలంగా రైజోబియం అని పిలిచేది దాన్నే. ఈ బ్యాక్టీరియాలో నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. నత్రజని బంధాన్ని తెంచేది అదే. ఆ ఎంజైమ్‌కు ఒక తీరని ఇబ్బంది ఉంది. ఆక్సిజన్ తగిలితే అది పాడైపోతుంది. బ్యాక్టీరియాకేమో ఊపిరికి ఆక్సిజన్ కావాలి, ఎందుకంటే ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కనీసం 16 ఏటీపీలు, అంటే కణంలో శక్తిని మోసే అణువులు, ఖర్చవుతాయి. ఈ రెండు అవసరాలనూ మొక్క ఒకేసారి తీరుస్తుంది. బుడిపె చుట్టూ గాలి సులువుగా చొరబడని పొర కడుతుంది. లోపల లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థాన్ని నింపుతుంది. మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు ఇది దగ్గరి బంధువని 1939లో జపాన్ శాస్త్రవేత్త కుబో గుర్తించాడు. విడి ఆక్సిజన్ పేరుకోకుండా చూస్తూ బ్యాక్టీరియాకు కావలసినంత మాత్రం అందిస్తుందది. పనిచేసే బుడిపెను కోస్తే లోపల ఎర్రగా కనబడేది అందుకే.

ఇంత సున్నితమైన ఏర్పాటు ఉచితంగా నడవదు. ఒక గ్రాము నత్రజని కోసం మొక్క తన ఆకుల్లో తయారైన పిండిపదార్థం నుంచి సుమారు 12 నుంచి 17 గ్రాములు ఖర్చుపెడుతుందని అంచనా. ఆ చక్కెర ఆకుల నుంచి పోషక కణజాలం గుండా బుడిపెకు దిగుతుంది. ఆశ్చర్యం కలిగించే సంగతేమిటంటే, బుడిపెకు కావలసిన నీరు కూడా ఎక్కువగా ఆ దారినే వస్తుంది, చుట్టూ ఉన్న మట్టి నుంచి కాదు. తయారైన నత్రజని సరుకు మాత్రం నీటిని పైకి మోసే దారుకణజాలం గుండా ఆకులకు చేరాలి. అంటే చక్కెర దిగడానికీ, నీరు అందడానికీ, సరుకు పైకి వెళ్లడానికీ మొక్క ఒంట్లో నీటి పారుదల సాఫీగా ఉండాలి. ఆ పారుదల కొంచెం మందగిస్తే చాలు, మూడు పనులూ ఒకేసారి దెబ్బతింటాయి. దీనికి తోడు బుడిపెలు ఎక్కువగా నేల పై పొరలోనే ఉంటాయి. నంద్యాల, ప్రకాశం నల్లరేగళ్లలో రబీ శనగను నిలవ పదును మీద పండిస్తారు. డిసెంబరు, జనవరి నాటికి పై పొర ఎండి బీటలు వారుతుంది. లోతు వేరు కింది పదును తాగుతూ మొక్కను పచ్చగా ఉంచుతుంది. బుడిపెలున్న పొర మాత్రం ఎండిపోయి ఉంటుంది. పైనుంచి చూసే కంటికి ఆ తేడా తెలియదు.

బెట్ట బుడిపెను ఎలా ఆపుతుందన్న ప్రశ్న మీద చాలా పరిశోధన జరిగింది. సోయాచిక్కుడు మీద అమెరికాలో సింక్లెయిర్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి చేసిన కుండీ ప్రయోగాల్లో ఒక విషయం మళ్లీ మళ్లీ తేలింది. నేల ఆరుతున్నప్పుడు ఆకు నీటిని ఆవిరి చేయడం తగ్గించుకోకముందే నత్రజని స్థాపన, అంటే గాలి నత్రజనిని పట్టే పని, పడిపోవడం మొదలవుతుంది. అన్ని పంటలూ ఒకేలా ప్రవర్తించలేదు. 1995లో 'నేచర్' పత్రికలో సింక్లెయిర్, సెరాజ్ వేర్వేరు పప్పుజాతి పంటలను పోల్చి చూపారు. బుడిపె తన నత్రజనిని ఏ రూపంలో ఆకుకు పంపుతుందన్న దానికీ, బెట్టలో ఎంత త్వరగా ఆగిపోతుందన్న దానికీ సంబంధం కనబడింది. సోయాచిక్కుడు, అలసంద వంటివి యూరైడ్లు అనే రూపంలో పంపుతాయి. కంది, మినుము, పెసర కూడా ఆ కోవలోవే. శనగ, బఠాణీ, వేరుశనగ వంటివి అమైడ్ల రూపంలో పంపుతాయి. యూరైడ్లు పంపే పంటల్లో స్థాపన బెట్టకు త్వరగా లొంగుతుంది. బెట్టలో ఆకులు ఆ యూరైడ్లను విడగొట్టి వాడుకోలేక పేరబెట్టుకుంటాయనీ, నత్రజని ఇక చాలన్న సంకేతం అక్కడినుంచి బుడిపెకు చేరుతుందనీ వారి వివరణ. ఆకులో యూరైడ్లు విడిపోవడానికి మాంగనీసు అవసరమని తేలడంతో ఆ వివరణకు బలం చేకూరింది. వేరుశనగ ఈ విషయంలో మొండి పంట. రాయలసీమ ఎర్రనేలల్లో అది అంతకాలంగా నిలబడటానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను. మనం మెట్ట పంటలుగా ఎంతో నమ్మే మినుము, పెసర ఆ రక్షణ లేని జట్టులో ఉన్నాయన్నది గమనించాలి.

ఆకు నుంచి సంకేతం వస్తుందన్న సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. 2007లో స్పెయిన్, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు బఠాణీ మొక్క వేళ్లను రెండు పాయలుగా విడదీసి రెండు కుండీల్లో పెంచారు. ఒక కుండీకి నీరు పెట్టారు, రెండోదాన్ని ఎండబెట్టారు. ఆకు అదే, సంకేతం వచ్చేదుంటే రెండు పాయలకూ రావాలి. కాని ఎండిన కుండీలోని బుడిపెల్లోనే స్థాపన తగ్గింది, తడి కుండీలోనివి మామూలుగా పనిచేశాయి. బెట్ట తగిలిన బుడిపెలో చక్కెరను విడగొట్టి వాడుకునే ఎంజైమ్ తొలిదశలోనే తగ్గిపోతుందని అదే స్పెయిన్ బృందం అంతకుముందు చూపింది. ఎండుతున్న బుడిపె తన పై పొరను ఇంకా బిగించుకుని ఆక్సిజన్‌ను రానివ్వదని మరికొందరు చూపారు. ఈ మూడు వివరణల్లో ఒకటే నిజమై మిగతావి అబద్ధం కావాల్సిన పని లేదు. బఠాణీ అమైడ్ల పంట, సోయాచిక్కుడు యూరైడ్ల పంట. రెండింటిలో తెగే చోటు ఒకటే కావాలని ఎక్కడా లేదు. నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. ఈ వివరణల్లో ఏదీ బ్యాక్టీరియా చావుతో మొదలుకాదు. చక్కెర వాడకం, ఆక్సిజన్ దారి, సరుకు రవాణా, ఇవన్నీ మొక్క చేతిలో ఉన్నవి. బెట్టలో ముందు లొంగేది బ్యాక్టీరియా కాదు, బ్యాక్టీరియాను పోషించే ఏర్పాటు.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట అనుకునేవారికి నేల లెక్క చూపాలి. పప్పుజాతి పంటల మీద అనేక దేశాల్లో చేసిన కొలతల ప్రకారం, నేలపైన పెరిగిన ఎండు మొక్క ఒక్కో టన్నుకు సుమారు 20 కిలోల నత్రజని గాలి నుంచి స్థాపన అవుతుంది. బెట్టకు మొక్క సగమే పెరిగితే స్థాపన కూడా సగానికి పడుతుంది. బుడిపె ముందే ఆగితే సగం కూడా ఉండదు. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. హెక్టారుకు ఒక టన్ను వేరుశనగ కాయ తీస్తే, అందులో 700 కిలోల గింజ ఉందనుకుంటే, ఆ గింజల మాంసకృత్తుల్లోనే సుమారు 30 కిలోల నత్రజని పొలం దాటిపోతుంది. వేరుశనగను మొక్కతో సహా పీకుతాం, కట్టెను పశువుల మేతకు వామి వేస్తాం. ఆకు, కాండం, వేరులో పెద్దభాగం కూడా అలా పొలం వదిలిపోతాయి. మంచి వానల ఏడాది రాబడి, ఖర్చు దాదాపు సరిపోవచ్చు. బెట్ట ఏడాది మొక్క తనకు కావలసిన నత్రజనిలో ఎక్కువ భాగం నేలనుంచే తీసుకుంటుంది, తీసుకున్నది కట్టెతో పాటు వెళ్లిపోతుంది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే, ఆ పడ్డదీ పంట అవసరానికి పడని ప్రాంతంలో, ఏటా అదే పంట వేస్తూ అది నేలకు బలమిస్తోందని నమ్మడం ప్రమాదం. పప్పుజాతి పంట కాబట్టి నేల బాగుంటుందన్న భరోసా మీద ఆ ఎర్రనేలలకు పశువుల ఎరువు, పచ్చిరొట్ట తగ్గించుకుంటూ పోతే నష్టం రెట్టింపవుతుంది.

చౌడు కథ వేరు. ఉప్పు విషయంలో రైజోబియం చాలా గట్టిది. కొన్ని జాతులు సముద్రపు నీటిలో సగం ఉప్పు ఉన్న ద్రావణంలో కూడా పెరుగుతాయి. తమ కణాల్లో ట్రెహలోజ్ వంటి చక్కెరలు, బీటెయిన్ వంటి పదార్థాలు కూడబెట్టుకుని ఉప్పు లాగే నీటిని నిలుపుకుంటాయి. శనగ మొక్కకేమో సముద్రపు ఉప్పులో పదో వంతే ప్రాణం మీదికి వస్తుంది. అన్నిటికంటే ముందు చెడేది మొక్క, బ్యాక్టీరియా కలుసుకునే తొలి ఘట్టం. వేరు విడిచే పదార్థాలను పసిగట్టి బ్యాక్టీరియా వేరును చేరాలి, వేరు నూగు దాన్ని చుట్టుకుని వంగాలి, అక్కడినుంచి లోపలికి దారి పడాలి. ఉప్పు ఉన్నచోట నూగు వంగదు. అప్పటికే ఏర్పడ్డ బుడిపె కొంతకాలం నెట్టుకొస్తుంది గాని కొత్తవి పుట్టవు. కృష్ణా డెల్టా చివరి భూముల్లో మొలక దశలోనే ఉప్పు తగిలిన మినుముకు, నెల దాటాక తగిలిన మినుముకు ఒకే సలహా సరిపోదన్నది దీన్నుంచి తేలే సంగతి.

ఆమ్ల నేలల్లో తూకం తలకిందులవుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మెడిక్ అనే పశుగ్రాసపు పప్పుజాతి మొక్కను ఆమ్ల నేలల్లో పెంచాలని ప్రయత్నించినప్పుడు మొక్క మొలిచేది, బుడిపె కట్టేది కాదు. ఆ ఆమ్లాన్ని మొక్క ఓర్చుకుంది, బ్యాక్టీరియా ఓర్చుకోలేకపోయింది. అక్కడి శాస్త్రవేత్త హోవిసన్ బృందం ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలోని ఆమ్ల నేలల్లో సహజంగా పెరిగే మెడిక్ వేళ్లనుంచి బ్యాక్టీరియాను సేకరించి తెచ్చింది. 1981లో అక్కడ సేకరించిన డబ్ల్యూఎస్ఎం 419 అనే రకం వాటిలో పేరుపొందింది. ఆమ్లాన్ని ఓర్చే అలాంటి రకాలు దొరికాక ఆ నేలల్లో మెడిక్ నిలదొక్కుకుంది. అదే ఆస్ట్రేలియాలో 1942లో ఆండర్సన్ మరో రకం లోపాన్ని పట్టుకున్నాడు. పశుగ్రాసపు క్లోవర్ పెరగని నేలల్లో కొరవడినది మాలిబ్డినం. నైట్రోజినేజ్‌కు గుండెకాయ లాంటి ఆ లోహం హెక్టారుకు కొన్ని పదుల గ్రాములు వేస్తే చాలు, బీడు పచ్చబడింది. నీటి ముంపు బుడిపెకు ఆక్సిజన్ అందకుండా చేస్తుంది. నల్లరేగడిలో నీరు నిలిచినప్పుడు కంది పసుపెక్కడానికి అదొక కారణం. వేడి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చాలా రైజోబియం రకాలకు 25 నుంచి 30 డిగ్రీలు అనుకూలం. మే నెలలో చలక నేల పై పొర అంతకు ఎంతో మించి కాలుతుంది. బంకమట్టి ఎక్కువున్న నేలలు ఆ ఎండలో బ్యాక్టీరియాకు కొంత కాపు ఇస్తాయి, ఇసుక నేలలు ఇవ్వవు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. బ్యాక్టీరియానే మార్చవచ్చుగా? ఎండకు, బెట్టకు ఓర్చే రకాలను ఎంచి ప్యాకెట్లలో ఇస్తే సరిపోదా? ఈ వాదనకు పునాది లేకపోలేదు. మెక్సికోలో 2008లో ప్రచురించిన ప్రయోగంలో ట్రెహలోజ్ ఎక్కువగా తయారుచేసేలా మార్చిన రైజోబియంను చిక్కుడుకు పట్టిస్తే, ఆ మొక్కలు బెట్టను మెరుగ్గా ఓర్చుకుని ఎక్కువ గింజ ఇచ్చాయి. బ్యాక్టీరియా మొక్క తట్టుకునే శక్తిని కూడా మార్చగలదన్నమాట. దాన్ని కాదనను. అయితే కుండీలో పోటీ ఉండదు, పొలంలో ఉంటుంది. హవాయిలో 1991లో థీస్ బృందం చేసిన పని చూపిందేమిటంటే, గ్రాము మట్టిలో ఆ పంటకు సరిపడే స్థానిక రైజోబియం యాభై మాత్రం ఉన్నా, బయటినుంచి ఇచ్చిన దానికి దిగుబడి పెరగడం కష్టం. మనదేశంలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైజోబియం పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికిన కణాలుండాలి. అంత దండు వచ్చినా, వేరుశనగ, అలసంద, కంది ఏళ్లుగా పండిన నేలలో అప్పటికే స్థిరపడ్డ స్థానిక రకాలు బుడిపెల్లో చోటు వదలవు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో ఎన్‌సి 92 అనే రైజోబియం రకాన్ని రాబట్ 33-1 వేరుశనగకు, అంటే మన రైతులు కదిరి 3గా ఎరిగిన రకానికి, జతచేసినప్పుడు దిగుబడి పెరిగింది. అన్ని వేరుశనగ రకాలకూ ఆ ఫలితం రాలేదు. మొక్క రకం, బ్యాక్టీరియా రకం జోడీగా కుదరాలని ఆ ప్రయోగం చెప్పింది.

ప్యాకెట్ తప్పకుండా పనికొచ్చే చోట్లు ఉన్నాయి. వరి కోసిన మాగాణిలో శనగ వేస్తే అక్కడ శనగ రైజోబియం చాలా తక్కువగా ఉంటుందని ఇక్రిశాట్‌లో రూపేలా, తూమ్‌సన్ చేసిన లెక్కింపులో తేలింది. నెలల తరబడి నీటిలో ఉన్న నేల అది. శనగకు దానికే ప్రత్యేకమైన రైజోబియం కావాలి, అలసందతో సర్దుకునే రకాలు దానికి కుదరవు. కొత్తగా శనగ వేసే పొలానికీ అంతే. బ్రెజిల్ ఈ దారిలోనే పెద్ద విజయం సాధించింది. అక్కడ సోయాచిక్కుడు బయటినుంచి వచ్చిన పంట, దానికి తగిన బ్యాక్టీరియా నేలలో లేదు. యోహానా డోబెరైనర్ వంటి శాస్త్రవేత్తలు నత్రజని ఎరువుకు బదులు బ్యాక్టీరియాను నమ్ముకోవాలని పట్టుబట్టారు. ఆ బాటలో సాగిన మరియాంజెలా హంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. బ్రెజిల్ ఉదాహరణ చూపి వేరుశనగకూ అదే చేద్దామనేవారు ఈ తేడా మరవకూడదు. అక్కడ లోటు బ్యాక్టీరియాది. మన ఎర్రనేలల వేరుశనగలో లోటు చాలావరకు నీటిది. ప్యాకెట్ ఇచ్చేచోట కూడా విత్తనశుద్ధిలో వరుస తప్పితే ఫలితం సున్నా. శిలీంధ్రనాశిని ముందు పట్టించాలి, పురుగుమందు తర్వాత, బెల్లం పాకంతో రైజోబియం అన్నిటికన్నా చివర, అదీ నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాలి. ఈ చిన్న వరుస చెప్పకుండా ప్యాకెట్ అమ్మడం రైతుకు అన్యాయం.

రెండో అభ్యంతరం ఇంకా సూటిది. బుడిపె ఆగిపోతే ఆగిపోనీ, యూరియా ఉందిగా? ఒక 45 కిలోల బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని ఉంటుంది. బెట్టలో పోయినంత నత్రజనిని ఒకటిరెండు బస్తాలతో పూడ్చవచ్చు కదా? కాగితం మీద అది సరిపోతుంది. పొలంలో, ఎండిన నేలలో వేసిన యూరియాను కరిగించి వేరుకు చేర్చడానికీ నీరే కావాలి. పదును ఉన్నప్పుడు వేస్తే మరో చిక్కు. నేలలో నైట్రేట్ దొరికితే మొక్క కొత్త బుడిపెలు కట్టడం తగ్గించుకుంటుంది, ఉన్నవాటి పని కూడా మందగిస్తుంది. విత్తేటప్పుడు హెక్టారుకు 20 కిలోల నత్రజని వేయాలన్న మామూలు సిఫార్సు బుడిపెలు పుట్టేదాకా మొలకను నడిపించడానికి మాత్రమే. అంతకు మించితే మొక్కే ఒప్పందం నుంచి తప్పుకుంటుంది. దాని ప్రభావం బ్యాక్టీరియా వంశం మీద కూడా పడుతుంది. నత్రజని ఇవ్వని బుడిపెకు మొక్క, పాలివ్వని గొడ్డుకు దాణా తగ్గించినట్టు, ఆక్సిజన్ తగ్గించి శిక్షిస్తుందని 2003లో కియర్స్, డెనిసన్ సోయాచిక్కుడులో చూపారు. మొక్కకు నత్రజని అవసరమే లేనప్పుడు ఈ ఎంపిక సడలిపోతుంది. అమెరికాలోని మిషిగన్‌లో 22 ఏళ్లపాటు ఏటా నత్రజని వేసిన మడుల నుంచీ, వేయని మడుల నుంచీ క్లోవర్ రైజోబియంను తీసి పోల్చారు. ఎరువు వేసిన మడుల బ్యాక్టీరియా మొక్కకు తక్కువ మేలు చేసేదిగా మారిపోయిందని 2015లో ప్రచురించారు. అంటే ఈ ఏడాది బెట్టకు మందుగా వేసే యూరియా, అలవాటైతే, రాబోయే ఏళ్ల బ్యాక్టీరియాను బలహీనపరిచే ఒత్తిడి అవుతుంది. క్లోవర్‌లో జరిగింది మన నేలల్లోనూ జరుగుతోందని చెప్పడానికి ఇక్కడ కొలవాలి. కొలిచేదాకా ధారాళంగా యూరియా వేయమనడం బాధ్యత అనిపించుకోదు.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరగడం పప్పుజాతి పంటలకు మేలే కదా అన్న వాదన కూడా ఉంది. సూత్రరీత్యా అది నిజం. ఆకుకు కార్బన్ ఎక్కువ దొరికితే బుడిపెకు చక్కెర ఎక్కువ దిగుతుంది, భాస్వరం వంటి పోషకాలు సరిపడా ఉంటే స్థాపన పెరుగుతుంది. ఇల్లినాయ్‌లో బహిరంగ పొలంలో వాయువు మోతాదు పెంచి సోయాచిక్కుడు మీద ఎనిమిదేళ్లు చేసిన పరిశీలనల ఫలితాన్ని 2016లో ప్రచురించారు. తడి ఉన్న ఏళ్లలో కనబడిన లాభం గట్టి కరువు ఏళ్లలో మాయమైంది. వాయువు ఎక్కువున్నప్పుడు పెరిగిన ఆకు వల్ల నీరు త్వరగా ఖర్చు కావడం, బుడిపెలు ఎండిన పై పొరలో ఏర్పడటం దానికి కారణాలుగా చూపారు. పెరిగే వాయువుతో పాటు వచ్చేది ఎడతెగని మంచి వానే అని ఎవరైనా హామీ ఇవ్వగలిగితే తప్ప ఈ లాభాన్ని ముందే జమకట్టుకోవడం కుదరదు.

తరతరాలుగా మెట్ట రైతు కంది, ఉలవ, అలసంద వేసి బతికాడు, అప్పుడూ బెట్టలున్నాయి కదా అంటారు కొందరు. నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇదే. దీనికి జవాబు ఆ పాత పద్ధతిలోనే ఉంది. కంది ఆరేడు నెలలు నిలిచే పంట. దాని వేరు లోతుకు దిగుతుంది, ఆగస్టు బెట్టలో బుడిపెలు రాలినా సెప్టెంబరు వానకు కొత్తవి కట్టుకునే వ్యవధి దానికుంది. రాలిన ఆకు పొలంలోనే పడుతుంది. కొన్ని సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేసే అలవాటు రాయలసీమలో ఇప్పటికీ ఉంది. ఒక పంటకు తప్పిన పదును మరో పంటకు అందుతుందన్న అనుభవం దాని వెనుక ఉంది. 65, 70 రోజుల్లో ముగిసే పెసరకు ఆ వ్యవధి లేదు. ఇరవై రోజుల బెట్ట దాని ఆయుష్షులో దాదాపు మూడో వంతు. తక్కువ కాలపు రకాలు చివరి కరువును తప్పించుకుంటాయన్నది నిజమే, వాటిని వద్దనడం లేదు. బుడిపె కోలుకునే వ్యవధి పోగొట్టుకున్నామన్నది కూడా ఆ బేరంలో భాగమేనని గుర్తుంచుకుని రకాలను ఎంచాలి.

అలా ఎంచడం సాధ్యమేనని నిరూపణ కూడా ఉంది. సోయాచిక్కుడులో జాక్సన్ అనే పాత రకం బెట్టలో కూడా నత్రజని స్థాపన ఆపదని సింక్లెయిర్, ఆయన సహచరులు గుర్తించారు. ఆ గుణాన్ని దిగుబడినిచ్చే రకంతో సంకరం చేసి, బెట్టలో స్థాపన కొనసాగించే సంతతిని వడపోసి, ఆర్కాన్సాస్‌లో 2007లో రెండు వరుసలను విడుదల చేశారు. వాన తక్కువైన చోట్ల అవి మంచి దిగుబడి చూపాయి. బుడిపె గుణాన్ని నేరుగా చూసి ఎంచారు కాబట్టి అది కుదిరింది. దిగుబడి మాత్రం చూసి ఎంచితే, పరిశోధనా క్షేత్రపు సారవంతమైన నేలలో బుడిపె లోపం బయటపడదు, నేల నత్రజనే దాన్ని కప్పేస్తుంది. కదిరిలో వేరుశనగకు, లాంలో మినుముకు, నంద్యాలలో శనగకు మంచి రకాలిచ్చిన కేంద్రాలు మనకున్నాయి. రకాల పట్టికలో గింజ దిగుబడి, పంటకాలం, తెగుళ్ల నిరోధకత పక్కన బెట్టలో నత్రజని స్థాపన ఎంత నిలిచిందన్న గడి ఒకటి చేరాలి. నత్రజని-15 అనే సహజ ఐసోటోపు పాళ్లను మొక్కలో కొలిచి, ఎంత గాలి నుంచి వచ్చిందో, ఎంత నేలనుంచి వచ్చిందో చెప్పే పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. ఖరీదైనదే, కానీ ప్రతి మొక్కకూ చేయనక్కర్లేదు, చివరి దశలో మిగిలిన కొద్ది రకాలకు చేస్తే చాలు.

పొలంలో రైతుకైతే యంత్రం అక్కర్లేదు. విత్తిన 35, 40 రోజులకు, చేలో నాలుగైదు చోట్ల మొక్కను పీకకుండా పారతో మట్టితో సహా తవ్వి తీయాలి. పీకితే బుడిపెలు నేలలోనే తెగి ఉండిపోతాయి. మట్టిని నీటిలో మెల్లగా కడిగి, బుడిపెలను గోటితో చీల్చి చూడాలి. లోపల ఎరుపు, గులాబి రంగుంటే పని జరుగుతోంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలుకాలేదు, లేదా పనికిరాని బ్యాక్టీరియా చోటు ఆక్రమించింది. ఆకుపచ్చగా, గోధుమ రంగులో ఉంటే పని ముగిసింది. అసలు బుడిపెలే లేకపోతే ఆ పొలానికి రైజోబియం కావాలి, వచ్చే పంటకు విత్తనంతో పట్టించాలి. బుడిపెలు నిండుగా ఉండి లోపల ఎరుపు పోయి ఆకుపచ్చ, గోధుమ రంగుకు మారితే లోపం బ్యాక్టీరియాది కాదు. పదును నిలిపే పని, పశువుల ఎరువు, సాళ్ల మధ్య మట్టిని కదిపి తేమ ఆరకుండా చూడటం, వీలుంటే ఒక్క తడి, వీటిమీద ఖర్చు పెట్టాలి. బెట్ట వీడి వాన పడ్డ పది రోజులకు అదే చేలో మళ్లీ తవ్వి చూడాలి. పాత బుడిపెల్లో ఎరుపు తిరిగొచ్చిందా, లేత వేళ్లమీద కొత్తవి మొలిచాయా అన్నదాన్ని బట్టి ఆ పంట మిగిలిన రోజులకు నత్రజని గాలి నుంచి తెచ్చుకుంటుందో, నేలనుంచి లాగుతుందో తెలుస్తుంది. రెండో పరిస్థితే అయితే ఆ పొలానికి వచ్చే తొలకరికి ముందు పశువుల ఎరువు తోలుకోవాలి, లేదా పచ్చిరొట్ట చల్లి కలియదున్నాలి.